డి విటమినును మితముగా వాడుకొనుట
(కలకడ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)

  

 నేను పండితుడను గాను, వైద్యుడను గాను. ముప్పదియైదు సంవత్సరములు మందుల అంగడి నడిపి, చీటీ చూచి మందిచ్చి, ఇప్పుడు విశ్రాంతి తీసికొనుచున్న వాడను. విద్యార్థి వేతనములు, వసతిగృహములు, వివాహవ్యయములు మొదలగు ఘనమైన విషయములను గూర్చి పెద్దలు ప్రసంగించు వేదికపై ఒక మాత్రను గూర్చి మాటలాడుట కొందఱికి చిన్నతనముగా తోచవచ్చును. అయినను నేడు మనవారి యిండ్లలో అలమరయందో గూటియందో డి విటమిను పొట్లమో మాత్రయో లేని యిల్లు అరుదు. దానిని ఎట్లు వాడవలయునో ఎఱిగినవారును అరుదే. ఎఱుగకపోవుటవలన కలిగిన కీడును నేను కన్నులార చూచితిని. చూచుట మాత్రమే కాదు, అందుకు నేనే కారకుడనైతిని. కావున ఆ సంగతితోనే ఆరంభించుచున్నాను.

మా మేనత్తకు అప్పటికి డెబ్బది యేండ్లు దాటినవి. మోకాళ్ల నొప్పులకై పట్టణమునకు పోయి చూపించుకొనగా, రక్తమునందు డి విటమిను తక్కువగా నున్నదని చెప్పి వైద్యుడు పొడి పొట్లములు వ్రాసి యిచ్చెను. వారమునకొకటి, ఎనిమిది వారములు అని చీటీలో స్పష్టముగా నున్నది. కాని యున్నది ఇంగ్లీషున. ఆమె చీటీ తీసికొని నా యంగడికే వచ్చినది. ఆనాడు సంత. అంగడి నిండ జనము. "అత్తా, ఇది పాలలో కలుపుకొని త్రాగుము. ఎముకలకు బలము" అని పొట్లములు ఆమె చేతిలో పెట్టితిని. వారమునకొకటే అను మాట నా నోట రాలేదు.

ఆమె దినమున కొకటి చొప్పున త్రాగినది. అయిపోగానే మనుమని పంపినది, నేనిచ్చితిని. మఱల పంపినది, మఱల నిచ్చితిని. ఇన్ని యెందుకని లెక్క చూచుకొనకపోయితిని. రెండు నెలలకు ఆమెకు దప్పిక మిక్కుటమయ్యెను. రాత్రి పలుమాఱు లేచుచుండెను. ఇంటివారు చక్కెరవ్యాధి యనుకొనిరి. అన్నము సయింపక, వాంతులై, మలబద్ధకము పట్టి, చిక్కిపోయినది. ఎండదెబ్బ యనుకొనిరి. ఒకనాటి ఉదయమున కన్నకొడుకునే గుర్తింపకపోవుటతో ఆసుపత్రికి తీసికొని పోయిరి. రక్తమునందు క్యాల్సియము హద్దు మీఱి యున్నదనియు, మూత్రపిండములు దెబ్బతినుచున్నవనియు అక్కడి వైద్యులు తేల్చిరి. ఆమె యేమేమి మందులు తినుచున్నదని వారడుగగా, ఖాళీ పొట్లములను ఆమె పాఱవేయక డబ్బాలో దాచియుంచిన సంగతి బయటపడెను. లెక్కింపగా అఱువదికి దగ్గఱగా నున్నవి.

ఆమె బ్రదికినది. కాని మామూలు మనిషి యగుటకు నెలలు పట్టెను. మూత్రపిండముల బలము మునుపటివలె రాలేదు. నన్నొక్క మాటయు అనలేదు. "నీవు చెప్పియే యుంటివేమో, నాయనా, నాకే వినబడలేదేమో" అనినది. ఆమె తిట్టియుండినచో నాకింత బాధ కలుగకపోవును. నేడు మీ యెదుట నిలుచుటకు ఆ మాటయే కారణము.

ఇక విషయమునకు వచ్చెదను. డి విటమిను పని యేమి? మనము తినిన ఆహారమునందలి క్యాల్సియమును ప్రేగులు గ్రహించునట్లు చేయుట దాని ముఖ్యకార్యము. అది చాలనిచో ఎంత తినినను క్యాల్సియము ఒంటబట్టదు. పిల్లలకు ఎముకలు గట్టిపడక దొడ్డికాళ్లు వచ్చును. దీనినే రికెట్సు అందురు. పెద్దలకు ఎముకలు మెత్తబడి, నడుము, తొడలు నొచ్చి, మెట్లెక్కుట కష్టమగును. 1919లో ఇంగ్లండున ఎడ్వర్డు మెలన్‌బీ అను శాస్త్రజ్ఞుడు రికెట్సు వచ్చిన కుక్కపిల్లలకు కాడ్ చేప కాలేయపు నూనె పోసి నయముచేసెను. ఆ యేటనే బెర్లిను నగరమున కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ అను వైద్యుడు రోగులగు పిల్లలకు నూనె పోయకయే, అతినీలలోహిత దీపపు వెలుగు సోకించి కుదిర్చెను. ఒకరు నూనెతోను, ఒకరు వెలుగుతోను ఒకే రోగమును మాన్పుట లోకమునకు వింత యయ్యెను. 1922లో అమెరికాయందు మెకాలమ్ ఆ నూనెలోని గుణకారియగు పదార్థము వేఱని నిరూపించగా, అంతకు ముందే ఏ, బి, సి అను పేర్లు కుదిరి యుండుటచే దీనికి డి అను నాలుగవ అక్షరము దక్కినది. ఎండ సోకినప్పుడు మన చర్మమే దీనిని తయారుచేయునని పిమ్మట తేలినది.

అట్లయినచో, ఏడాదిలో అధికభాగము ఎండ కాయు మన రాయలసీమయందు దీనికి కొఱత యేల రావలెను? ఈ ప్రశ్నకు సమాధానము మనకు సమీపముననే దొరకినది. తిరుపతియందలి శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థలో డాక్టరు సి. వి. హరినారాయణ్ గారును వారి సహచరులును ఆరోగ్యవంతులగు పట్టణవాసులను, పల్లెవాసులను పరీక్షించి 2004లోను, 2007లోను తమ ఫలితములను ప్రకటించిరి. పగలెల్ల పొలములో పనిచేయు పల్లెవారి రక్తమునందు డి విటమిను పట్టణవాసుల కంటె ఎక్కువగా నుండెను. పట్టణవాసులలో కొఱత విస్తారముగా కనబడెను. ఇరువురి ఆహారమునందును క్యాల్సియము తక్కువయే; పల్లెవారియందు మఱింత తక్కువ. కనుక ఎండ యున్న దేశములో నుండుట వేఱు, ఎండలో నుండుట వేఱు.

మన చుట్టుప్రక్కల చూచుకొనుడు. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో మగ్గపు గుంటలో దినమెల్ల కాళ్లు పెట్టుకొని పట్టుచీర నేయు వానికి ఎండ యెక్కడిది? బెంగుళూరున అద్దాల మేడలో కంప్యూటరు ముందు కూర్చుండు మన పిల్లలు చీకటితో పోయి చీకటితో వత్తురు. కిటికీ అద్దముగుండ ఎండ పడుచున్నది గదా యందురు. వెలుగు వచ్చును గాని, చర్మమున డి విటమినును పుట్టించు కిరణములను అద్దము అడ్డగించును. పచ్చి బాలింతను గాలి సోకనియక చీకటి గదిలో నుంచు ఆచారము ఇంకను కొన్ని యిండ్ల కలదు. మంచము పట్టిన వృద్ధుల మాట చెప్పనక్కఱలేదు.

కావున మొదటి మందు ఎండయే. ఉదయపు లేత యెండ మేలని మనము విని యుంటిమి. అది దేహమునకు హాయి యేగాని, ఆ వేళ సూర్యుడు వాలుగా నుండుటచే కావలసిన కిరణములు మిక్కిలి తక్కువగా భూమికి దిగును. మన ప్రాంతపు అక్షాంశమున పగలు పదునొకండు గంటలు మొదలు రెండు గంటల వఱకు గల యెండయే ఇందుకు ఫలప్రదమని తిరుపతి పరిశోధకులే చెప్పియున్నారు. గడియారముతో పనిలేదు: మీ నీడ మీ కంటె పొట్టిగా నున్నప్పుడు ముఖము, చేతులు, కాళ్లు తగులునట్లు కొంతసేపు నిలిచినచో చాలును. చామనచాయవారికి, నల్లనివారికి తెల్లనివారి కంటె ఎక్కువసేపు కావలెను. వేసవి వడగాడ్పులలో మాత్రము ఈ నెపమున వృద్ధులను, పసిపిల్లలను ఎండలో నిలుపరాదు. అప్పుడు కొలదిసేపే, తల కప్పుకొని, నీరు త్రాగి పోవలెను. ఎండయందొక గుణము గలదు: ఎంతసేపున్నను డి విటమిను విషమగునంతగా పుట్టదు. మితి మీఱినదానిని చర్మము తానే విఱిచివేయును. మాత్రకు ఆ కాపుదల లేదు. ఈ భేదమును మీరు మఱువరాదు.

రెండవది ఆహారము. చేపలు, గ్రుడ్డులోని పచ్చసొన తప్ప మన నిత్యాహారమునందు డి విటమిను స్వల్పము. పాలను, వంటనూనెను ఎ, డి విటమినులతో బలపఱచుటకు ఆహార భద్రతా ప్రాధికార సంస్థవారు 2018లో ప్రమాణము లేర్పఱచిరి. అట్టి పాల సంచిమీద ప్లస్ గుర్తుతో ఎఫ్ అక్షరము ముద్రింపబడి యుండును. క్యాల్సియమునకు మాత్రము మనకు కఱవు లేదు. నూఱు గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా క్యాల్సియము గలదు. అంతే బియ్యమునందు దానిలో పదవవంతైన లేదు. మన తాతలు సంకటి తిని, మజ్జిగ త్రాగి, పొలములో నిలిచిరి. మనము సంకటిని విడిచి, నీడకు చేరి, మాత్రను వెదకుచున్నాము. రాగులను నానవేసి మొలకెత్తించినను, అంబలిగా పులియబెట్టినను, క్యాల్సియమును ఒంటబట్టనీయని ఫైటేటులు కొంత తఱుగును. పెద్దవారికి దినమునకు 1,000 మిల్లీగ్రాముల క్యాల్సియము కావలెనని హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థవారు 2020లో నిర్ణయించిరి.

ఇంత చెప్పుటచే మాత్ర అక్కఱలేదని నా భావము కాదు. ఎండ చొరని వారికి, వృద్ధులకు, గర్భిణులకు, కాలేయ వ్యాధిగ్రస్తులకు, మూర్ఛకు ఫెనిటాయిన్ వంటి మందులు చిరకాలము వాడువారికి వైద్యుని మాటపై మాత్ర అవసరమే. తల్లిపాలు మాత్రమే త్రాగు శిశువునకు దినమునకు 400 యూనిట్ల చుక్కలు మొదటి సంవత్సరమెల్ల ఇయ్యవలెనని పిల్లల వైద్యుల సంఘమువారి సలహా. నేను చెప్పునది మితమును గూర్చి.

లెక్క చూడుడు. ఆరోగ్యవంతుడగు పెద్దవానికి దినమునకు 600 యూనిట్లు చాలుననియు, 4,000 యూనిట్లు మించరాదనియు పైనిచెప్పిన పోషకాహార సంస్థవారి నిర్ణయము. అంగడిలో నిచ్చు పొట్లమునందు గాని, పెద్ద మాత్రయందు గాని ఉన్నది 60,000 యూనిట్లు. అనగా నూఱు దినముల యవసరము ఒక్క పొట్లములో నున్నది. నెలకొకటి చొప్పున వాడినచో దినమునకు 2,000 పడును. వారమునకొకటి చొప్పున వాడినచో దినమునకు సుమారు 8,570 పడును. ఇది హద్దు దాటినదే యైనను, కొఱత తీర్చుటకై ఎనిమిది వారముల వంటి కొద్దికాలము మాత్రమే వైద్యుడు వ్రాయును. దినమున కొకటి వాడినచో హద్దునకు పదునైదు రెట్లు. మా మేనత్తకు జరిగిన దిదియే. డి విటమిను నీటిలో కఱగి పోవునది కాదు, క్రొవ్వులో కలిసి దేహమున నిలువ యుండునది. తినుట మానిన పిమ్మటను దాని ప్రభావము వారములు, నెలలు వీడదు.

కావున వాడువారు గమనింపవలసిన సంగతులు కొన్ని విన్నవించెదను.

మొదటిది: పెట్టెమీద నెన్ని యూనిట్లున్నవో చూడుడు. కొన్నిటిమీద మైక్రోగ్రాములని యుండును. ఒక మైక్రోగ్రాము 40 యూనిట్లు. 25 అని యున్నచో 1,000 యూనిట్లన్న మాట.

రెండవది: వారపు మందునకు ఒక వారమును నియమించుకొనుడు. ఆదివారమనిన ఆదివారమే. క్యాలెండరుమీద గీటు పెట్టుడు. ఒక వారము మఱచినచో మఱుసటి వారము రెండు వేసికొనరాదు. ఎనిమిది అయిన పిమ్మట ఆగి వైద్యుని అడుగుడు. పాత చీటీతో మఱల కొనకుడు.

మూడవది: భోజనమైన వెంటనే వేసికొనుడు. నేయి, నూనె గల ఆహారముతో కూడ అది బాగుగా ఒంటబట్టును.

నాలుగవది: కూడిక చేసికొనుడు. క్యాల్సియము మాత్రలో డి విటమిను గలదు. బహువిటమినుల మాత్రలో గలదు. బలమునకని త్రాగు పొడులలోను ఉండును. మూడు దుకాణములలో కొనిన మూడు మందులు దేహములో ఒక్కటే యగును.

ఐదవది: శిశువుల చుక్కల సీసాలన్నియు ఒక్క బలము గలవి కావు. కొన్నిటిలో ఒక మిల్లీలీటరునకు 400 యూనిట్లు, కొన్నిటిలో 800. సీసా మాఱినప్పుడు కొలత మాఱును. ఒక సీసా గొట్టమును మఱియొక సీసాకు వాడరాదు.

ఆఱవది: నొప్పులకని లక్షలకొలది యూనిట్ల సూదిమందు వేయుమని మీరై వైద్యుని బలవంతపెట్టకుడు. ఆస్ట్రేలియాలో డెబ్బది దాటిన స్త్రీలకు ఏడాదికొకమాఱు 5 లక్షల యూనిట్లిచ్చి చూడగా, వారు తక్కువగా పడుటకు బదులు మందు తీసికొనని వారి కంటె ఎక్కువగా పడిరి, ఎక్కువగా ఎముకలు విఱుగగొట్టుకొనిరి. ఈ ఫలితము 2010లో ప్రకటింపబడెను.

ఇక కొందఱు మఱింత జాగరూకులై యుండవలెను. మూత్రపిండములలో రాళ్లు గలవారు, మూత్రపిండముల వ్యాధి గలవారు, రక్తపు పోటునకు థయజైడ్ జాతి మూత్రపు మాత్రలు వాడువారు, గుండెకు డిగాక్సిన్ వాడువారు వైద్యునికి చెప్పకుండ ఒక్క పొట్లమైనను ముట్టరాదు. క్షయరోగులును అంతే. మన మదనపల్లె ప్రక్కనున్న ఆరోగ్యవరమును మీరెఱుగుదురు. 1912లో స్థాపితమైన ఆ క్షయచికిత్సాలయమునకు దక్షిణదేశమంతటినుండి రోగులు వచ్చి, ఇంకను మందులు కనిపెట్టని ఆ దినములలో గాలిని, విశ్రాంతిని, పుష్టికరమైన ఆహారమును నమ్ముకొని యుండిరి. క్షయరోగి బలహీనుడు గదా, బలపు మందు ఎంత ఇచ్చినను మేలే యనుకొనుట సహజము. కాని ఆ వ్యాధిలో రోగగ్రస్తమైన కణములే డి విటమినును తీవ్రమైన రూపమునకు మార్చగలవు. అందువలన ఇతరులకు సరిపోవు మోతాదే కొందఱు క్షయరోగులకు రక్తమున క్యాల్సియమును పెంచును.

ప్రమాదచిహ్నము లివి: తీఱని దప్పిక, మాటిమాటికి మూత్రము, ఆకలి లేమి, వాంతులు, మలబద్ధకము, కండరముల నీరసము, మతి చెదరుట. డి విటమిను వాడుచున్నవారికి ఇవి కనబడినచో ఎండదెబ్బ యనియో, వయస్సు అనియో త్రోసివేయక, మందు నాపి, అన్ని పెట్టెలను సంచిలో వేసికొని ఆసుపత్రికి పొండు. రక్తమున క్యాల్సియము చూచినచో నిజము తేలును. మా యింట ఆ పరీక్ష నెల దినములు ముందు జరిగియుండినచో మా మేనత్త మూత్రపిండములు దక్కియుండెడివేమో.

కొందఱు సోదరులు, ఇది గుండెపోటును, క్యాన్సరును రానియదట గదా యని అడుగుచుందురు. అమెరికాలో దాదాపు 26,000 మందికి ఐదేండ్లపాటు పరీక్ష జరిపిరి. కొందఱికి దినమునకు 2,000 యూనిట్లును, కొందఱికి ఉత్తుత్తి మాత్రయు నిచ్చిరి. గుండెజబ్బులు గాని, క్యాన్సరు వచ్చుట గాని తగ్గలేదని 2018లోను, ఎముకలు విఱుగుటయు తగ్గలేదని 2022లోను తేలినది. వారిలో అధికులకు కొఱతయే లేదు. నిండిన కుండలో నీరు పోసినచో నేల తడియును గాని కుండ పెరుగదు. అమెరికాయందలి ఎండోక్రైన్ సొసైటీ వారును 2024లో, డెబ్బదియైదేండ్లలోపు ఆరోగ్యవంతులగు పెద్దవారు నిత్యావసరమునకు మించి తీసికొన నక్కఱలేదనియు, లక్షణములు లేనివారందఱికి ఊరక రక్తపరీక్షలు చేయింప నక్కఱలేదనియు సలహా నిచ్చిరి.

దాతలగు పెద్దలకు ఒక మనవి. మన సంఘము పక్షమున వైద్యశిబిరములు నడుపుటకు మీరు ధనమిచ్చుచున్నారు, అది పుణ్యకార్యము. కాని శిబిరమునందు ఈ పొట్లములను గుప్పెళ్లతో పంచుట దానము కాదు. 1950వ దశకమున ఇంగ్లండు ప్రభుత్వము వారు పిల్లల మేలుకోరి పాలపొడిలోను, పిండిలోను, నూనెలోను డి విటమిను చేర్చగా, అన్నియు కలిసి కొందఱు శిశువుల రక్తమున క్యాల్సియము పెరిగినదని గుర్తించి, పిమ్మట తగ్గించుకొనవలసి వచ్చెను. మంచి తలంపు చాలదు, కొలత కావలెను.

కావున ఈ మహాసభవారు మూడు విషయములు తీర్మానింపవలెనని ప్రార్థించుచున్నాను. మన శిబిరములలో వైద్యుడు చూడనిదే డి విటమిను ఇయ్యరాదు. ఇచ్చినప్పుడు పొట్లముమీద "వారమునకు ఒక్కటే" యని తెలుగున పెద్ద యక్షరములతో వ్రాసి, చదువు రానివారిచేత తిరిగి చెప్పించుకొనవలెను. మన బాలికల వసతిగృహమున వారమునకు నాలుగు దినములైన రాగిసంకటియు మజ్జిగయు వడ్డింపవలెను. మధ్యాహ్న భోజనవేళ కొంతసేపు వారిని ఆరుబయట నుండనీయవలెను. మందుల అంగళ్లు నడుపు మన కులబాంధవులు పాత చీటీలపై ఈ మందును మఱల మఱల ఇయ్యరాదు. ఈ మూడవది నేను ఆనాడు చేయవలసియుండి చేయని పని.

మా మేనత్త ఇప్పటికిని జీవించియున్నది. ప్రతి మధ్యాహ్నము నీడ పొట్టిదగు వేళ అరుగుమీద కొంతసేపు కూర్చుండును. ఏ మందిచ్చినను ఆమె మొదట అడుగు ప్రశ్న "ఇది దినమునకా, వారమునకా?" యని. మీరు ఇండ్లకు పోయి, అలమరలోని పెట్టెను చేతికి తీసికొని, ఆ ప్రశ్ననే అడుగుదురుగాక యని కోరుచున్నాను.